వారాల కాగితం

మొన్న జూన్‌లో పార్వతీపురం నుంచి మా బంధువుల కుర్రాడు చదువుకని విజయనగరం వచ్చాడు. వాడు దిగేసరికే అన్నీ అమిరి ఉన్నాయి: హాస్టల్లో మంచం, మెస్సులో పేరు, ఫోన్లో డబ్బు. "వారానికి ఒక్కపూటైనా మా ఇంటికి భోజనానికి రారా" అన్నాను. "ఎందుకు పెద్దమ్మా నీకు శ్రమ? కావలిస్తే తెప్పించుకుంటాను" అన్నాడు. మంచి పిల్లాడు, నన్ను కష్టపెట్టకూడదనే అన్నాడు. వాడు వెళ్లాక ఆలోచిస్తే, "మీ ఇంట్లో ఏ వారం ఖాళీగా ఉందండీ?" అని ఈ ఊళ్లో ఎవరైనా అడగ్గా విని ఎంతకాలమైందో నాకు గుర్తు రాలేదు.

వారం అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి చెప్పాల్సిందే. ఊరుకాని ఊరు వచ్చి చదువుకునే పేదింటి కుర్రాడు సోమవారం ఒకరింట్లో, మంగళవారం మరొకరింట్లో, అలా ఏడు రోజులకి ఏడిళ్లు కుదుర్చుకుని భోంచేసేవాడు. పెట్టేవాళ్లు వారం ఇచ్చామనేవారు, తినేవాళ్లు వారాలు చేసుకుంటున్నామనేవారు. డబ్బు మాట రాదు. ఏడిళ్లూ కుదిరితే ఆ ఏడాది చదువు సాగినట్టే. అయిదే కుదిరితే మిగతా రెండు రోజులూ అటుకులతోనో మంచినీళ్లతోనో గడిచేవి.

మా ఇల్లు అయ్యకోనేరు గట్టు వెనక వీధిలో ఉండేది. నాన్నగారు హైస్కూలు మేష్టారు. ఆయన మహారాజా కాలేజీలో బి.ఏ. చదివినవారు, వారాలు చేసుకునే చదివారు. జీవితమంతా ఆ కాలేజీకి ఆయన తీర్చుకుంటూ వచ్చిన బాకీ ఒక కాగితం మీద ఉండేది.

*

కాలేజీలు తెరిచే రోజుల్లో మా వీధి అరుగు ఖాళీగా ఉండేది కాదు. బొబ్బిలి, సాలూరు వైపు వాళ్లు రైల్లో దిగేవారు. పాలకొండ, రాజాం వాళ్లు బస్సులో వచ్చేవారు. ఒక రేకు పెట్టె, చాపలో చుట్టిన పక్క, చేతిలో ఎవరో తెలిసినవారు రాసిచ్చిన ఉత్తరం. కూడా తండ్రో, మేనమామో. ఆ పెద్దాయన అరుగు మీద కూచునేవాడు కాదు, కింద మెట్టు మీద నిలబడేవాడు. నాన్నగారు చెయ్యి పట్టుకుని పైకి లాగి కూచోబెట్టేవారు.

తరవాత లోపల్నుంచి కాగితం వచ్చేది. గీతలున్న పెద్ద ఠావు, దాన్ని అడ్డంగా తిప్పి ఎర్రసిరాతో ఏడు నిలువు గళ్లు. ఎడమపక్క కుర్రాళ్ల పేర్లు, కుడిపక్క చివర వారం ఇచ్చే ఇళ్ల పేర్లు, మధ్యలో ఏ రోజు ఎవరు ఎక్కడ అన్నది. పెన్సిలుతో రాసేవారు, ఎందుకంటే ఆ లెక్క స్థిరంగా ఉండేది కాదు. ఒకరింట్లో పురుడొచ్చేది. ఇంకొకరికి మైల వచ్చేది. ఏకాదశి ఉపవాసం ఉండే ఇంట్లో ఆ రోజు వంటే లేదు. ఒకాయనకి బదిలీ అయ్యేది. అలాంటప్పుడు నాన్నగారు సాయంత్రం బడి నుంచి రాగానే కండువా వేసుకుని మళ్లీ బయల్దేరేవారు. ఒక్కో గుమ్మం దగ్గర ఆగి, ఆడవాళ్లని పేరు పేరునా పలకరించి, "అమ్మా, శుక్రవారం ఒకటి కావాలి, కుర్రాడు నెమ్మదైనవాడు" అని అడిగేవారు. తనకోసం ఎవరినీ ఏమీ అడగని మనిషి అలా గుమ్మాలు ఎక్కి దిగడం చిన్నప్పుడు నాకు నచ్చేది కాదు. ఆయన సొంతానికి నోరు కట్టుకున్నది దీనికోసమేనని పెద్దయ్యాక తెలిసింది.

భోజనం వేళకీ ఒక పద్ధతి ఉండేది. పొద్దున్న తొమ్మిదిలోపు పెట్టాలి, లేకపోతే కాలేజీకి అందుకోలేరు. అందుకని ఆ రోజుల్లో అమ్మ తెల్లవారుజామునే పొయ్యి రాజేసేది. ఊదుగొట్టం చప్పుడు, తడి కట్టెల పొగ, ఇత్తడి గిన్నె మీద మూత ఎగిరిపడే టకటక. ఎసట్లో ఇంకో సోలెడు బియ్యం పోసేటప్పుడు పోసినట్టు కనపడకుండా పోసేది. దొడ్డి తలుపు గడియ చప్పుడైతే కుర్రాడు వచ్చాడన్నమాట. నూతి దగ్గర కాళ్లు కడుక్కుని, తలొంచుకుని వచ్చి కూచునేవాడు. అడ్డాకు విస్తరి. పార్వతీపురం కొండల నుంచి ఆ ఆకులు కట్టలుగా వచ్చేవి, మామ్మ మధ్యాహ్నాలు కూచుని పుల్లలతో కుట్టేది. ముద్దపప్పు, ఏదో ఒక కూర, ఆవపెట్టి పనసపొట్టు వండిన రోజైతే వాసన వీధి చివరిదాకా వెళ్లేది. చివర్న మజ్జిగ. ఎంత ఆకలితో ఉన్న పిల్లాడైనా మూడోసారి వడ్డించబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆ చెయ్యి సిగ్గుతో పెట్టిందో కడుపు నిండి పెట్టిందో అమ్మకి తెలిసేది. సిగ్గుదైతే వేళ్ల సందుల్లోంచే వడ్డించేసేది. "చదువుకునే పిల్లాడివి, ఏవిటా మొహమాటం? తిను నాయనా" అనేది.

మాకు వాళ్ల పేర్లకన్నా వారాల పేర్లే బాగా గుర్తుండేవి. మా బుధవారం లెక్కల్లో దిట్ట, మా గుమ్మం పక్క గోడ మీద బొగ్గుతో లెక్కలు చేసేవాడు. మా మంగళవారం సంగీత కళాశాల విద్యార్థి. పాలకొండ దగ్గర పల్లెటూరివాడు. చంకలో ఫిడేలు పెట్టె ఉంటేగాని వీధిలో నడిచేవాడు కాదు.

*

నాన్నగారికి రెండు కథలు ప్రాణం. కొత్త కుర్రాడు మొదటిసారి విస్తరి ముందు కూచుని మెతుకు మింగలేకపోతున్నప్పుడు వాటిలో ఒకటి చెప్పేవారు.

మొదటిది గురజాడ అప్పారావుగారిది. చీపురుపల్లిలో అక్షరాలు దిద్దుకుని, తండ్రి పోయాక విజయనగరం వచ్చి, వారాలు చేసుకుంటూ చదివిన పిల్లాడు ఆయన. మహారాజా కాలేజీ పెద్ద చంద్రశేఖరశాస్త్రిగారి కంట్లో పడ్డాడు. శాస్త్రిగారు ఆ పిల్లాణ్ణి చేరదీసి తిండీ వసతీ తామే చూశారు. 1857లో బడిగా మొదలై 1879లో కాలేజీ అయిన ఆ చదువులగుళ్లో అప్పారావుగారు 1882లో మెట్రిక్, 1884లో ఎఫ్.ఏ., 1886లో బి.ఏ. గట్టెక్కారు. ఎఫ్.ఏ. అయిన ఏడాదే మహారాజావారి హైస్కూల్లో పాతిక రూపాయల జీతానికి మేష్టారుగా చేరారు. మధ్యలో కొన్నాళ్లు డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్ గుమాస్తాగా ఉన్నా, 1887లో మళ్లీ కాలేజీకే వచ్చి, తాను కూచున్న బెంచీల ముందు నిలబడి పాఠం చెప్పారు. కన్యాశుల్కం రాసినదీ, దాన్ని 1892లో మొదట ఆడించినదీ ఈ ఊళ్లోనే. ఆనందగజపతి మహారాజు కొలువు, ఆ తరవాత సంస్థానం వ్యవహారాలు నెత్తిన పడినా చదువు మీద ఆయన ధ్యాస పోలేదు. ఆఖరి రోజుల్లో, మద్రాసు విశ్వవిద్యాలయం చదువుల్లో వాడుకభాష ఉండాలని పట్టుబట్టి 1914లో తన అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. మరుసటేడు నవంబరులో పోయారు. "శాస్త్రిగారు అన్నం పెట్టింది ఒక్క పిల్లాడికి. ఆ పిల్లాడు దేశంలో పిల్లలందరికోసం దెబ్బలాడాడు" అనేవారు నాన్నగారు. ఇంత గట్టిగా ఆయన ఇంకే విషయమూ మాట్లాడగా నేను వినలేదు.

రెండో కథ మంగళవారంలాంటి సంగీతం పిల్లలకి. విజయరామ గజపతి మహారాజు 1919లో సంగీత కళాశాల పెట్టారు. సంస్థానం ఉద్యోగి ఒకాయన కొడుకు అంధుడు, ఆ పిల్లాడికి సంగీతం నేర్పించడం కోసం మొదలైందని ఊళ్లో చెప్పుకుంటారు. బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అందులో విద్యార్థిగా చేరదామని వచ్చారు. ఆయన ఫిడేలు విని, నీకు నేర్పేదేముంది, నువ్వే నేర్పాలని చెప్పి ఆచార్యుణ్ణి చేసేశారు. దాసుగారి తరవాత 1936లో నాయుడుగారే అధ్యక్షులయ్యారు.

అదే కాలంలో గుడివాడ వైపు నుంచి ఒక కుర్రాడు చేతి ఉంగరం అమ్ముకుని ఈ ఊరు చేరాడు. కాలేజీకి సెలవులు. చేరే దారి లేదు, తినే దారి లేదు. పట్రాయని సీతారామశాస్త్రిగారు, సాలూరు గురువుగారని పిలిచేవారు ఆయన్ని, ఆ కుర్రాణ్ణి చూసి పైసా తీసుకోకుండా పాఠం మొదలుపెట్టారు. కడుపు కోసం ఆ పిల్లాడు భుజాన జోలె కట్టుకుని మధూకరానికి వెళ్లాడు. వారానికన్నా కష్టమైంది మధూకరం. వారంలో మనకంటూ ఒక ఇల్లుంటుంది, మధూకరంలో గుమ్మం గుమ్మం ముందూ నిలబడి పిలవాలి. ఆ గొంతు ఈ వీధుల్లో అన్నం అడిగిన ఘంటసాల వెంకటేశ్వరరావుది. ఈ ఊరు ఆయనకి పెట్టిన పిడికెడు మెతుకులకి ఆయన తెలుగువాళ్లకి ఏమిచ్చారో నేను చెప్పనక్కర్లేదు. గురువుగారి కొడుకు పట్రాయని సంగీతరావుగారు మద్రాసులో ఆయనకి తోడుగా, హార్మోనియం దగ్గర, 1974లో ఆయన పోయేదాకా ఉన్నారు. ఆ రెండిళ్ల మధ్య పాతబంధం అలా మద్రాసులోనూ సాగింది.

*

మంగళవారం అన్నానే, అతని సంగతి ఇంకొంచెం చెప్పాలి.

అతను తిన్నాక వెంటనే వెళ్లేవాడు కాదు. పెరటి వసారాలో కూచుని ఫిడేలు తీసేవాడు. ముందు గుడ్డతో తుడిచేవాడు. కమానుకి రోజనం రుద్దేవాడు, ఆ తెల్లటి పొడి వాసన నాకిప్పటికీ గుర్తే. బిరడా తిప్పుతూ, తీగ మీటి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ తిప్పి, అలా శ్రుతి కుదిరేదాకా ఒక్క స్వరం వాయించేవాడు కాదు. నాకూ, మా చెల్లెలికీ సరళీస్వరాలు మొదలుపెట్టింది అతనే. అమ్మ అడగలేదు, అతను చెప్పలేదు, ఒకనాడు అలా మొదలైపోయింది. నా స్వరం జారితే కోప్పడేవాడు కాదు, కమానుతో ఆ ఒక్క స్వరాన్నే పట్టి ఉంచేవాడు, నా గొంతు వెతుక్కుంటూ వచ్చి చేరేదాకా.

ఆ రోజుల్లో కోట చుట్టుపక్కల వీధుల్లో తెల్లవారుజామున నడిస్తే ఒక్కో ఇంట్లోంచి ఒక్కో సాధన వినపడేది. ఒకచోట అకారం, ఒకచోట జంటస్వరాలు, ఒకచోట గొంతు ఇంకా విచ్చుకోని పిల్లాడి గీతం. ఈ ఊళ్లో పుట్టిన సుశీలగారు ద్వారం భావనారాయణరావుగారి దగ్గర నేర్చుకున్నది ఈ కళాశాలలోనే. 1940లో పిఠాపురం దగ్గర కొత్తపల్లి నుంచి కుర్రాడుగా వచ్చి చేరిన నేదునూరి కృష్ణమూర్తిగారు తరవాత ఎంతో పెద్దవిద్వాంసులై, ఇదే కళాశాలకి అధ్యక్షులుగా తిరిగొచ్చారు. ద్వారంవారి ఇంట్లో తరం తరవాత తరం ఇక్కడే పాఠాలు చెప్పింది. నేర్చుకున్న చోటికే తిరిగొచ్చి నేర్పడం ఎవరికీ విశేషంగా అనిపించేది కాదు. రాకపోతేనే "అదేవిటి, రాలేదా?" అని అడిగేవారు.

మంగళవారానికి చదువయ్యాక సంగీతం మేష్టారుగా ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో అమ్మకి ఒక నేతచీర, నాన్నగారికి పంచెలచాపు పట్టుకొచ్చి కాళ్లకి దండం పెట్టాడు. అమ్మ చీర తీసుకుంది. నాన్నగారు పంచెలు తీసుకోలేదు. లోపలికి వెళ్లి కాగితం పట్టుకొచ్చి, పెన్సిలు అతని చేతికిచ్చి, "నీ పేరు ఇటుపక్క రాయి" అని కుడివైపు గడి చూపించారు. అతనికి అప్పటికింకా పెళ్లి కాలేదు, గదిలో కిరసనాయిలు స్టవ్వు మీద వండుకునేవాడు. "గురువారం" అని రాశాడు. ఆ ఏడాది నుంచి గురువారాలు ఒక కుర్రాడికి అతను వండిపెట్టాడు. అన్నం ఒక్కోరోజు మాడేదని ఆ కుర్రాడే నవ్వుతూ చెప్పేవాడు.

ఎడమపక్క పేర్లు కుడిపక్కకి మారుతూ ఉండటమే నాన్నగారి ఆనందం. అందరూ మారలేదు. ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు, కొందరు ఉత్తరం కూడా రాయలేదు. దానికి ఆయన బాధపడగా నేను చూడలేదు. మారినవాళ్ల పేర్ల కింద మాత్రం ఎర్రసిరాతో చిన్న గీత గీసేవారు.

కాగితం ఒక్కటే కాదు. పరీక్షల ఫీజులు కట్టే నెల వస్తే మా ఇంట్లో పాలు తగ్గేవి. వేసవిలో పాత పాఠ్యపుస్తకాలు పోగుచేసి, చిరిగిన అట్టలకి గోధుమరంగు కాగితం వేసి, గంజితో అంటించి, జూన్లో వచ్చే పిల్లలకి ఇచ్చేవారు. లోపల పేరు రాయనిచ్చేవారు కాదు. ఈ పుస్తకం నీది కాదు, వచ్చే ఏడాది వాడిది, శుభ్రంగా ఉంచు అని ఒక్కమాట చెప్పేవారు.

*

పోయిందని ఏడవడానికి ఇదంతా రాయడం లేదు. పోవలసినది ఇందులో చాలా ఉంది.

నాన్నగారి కాగితంలో ఉన్న పేర్లు ఇప్పుడు తలచుకుంటే అన్నీ ఒక్క కులానివే. వంటింటి గడప దాటనిచ్చే కులం. సముద్రపు ఒడ్డు పల్లెల పిల్లాడు గానీ, పాలకొండ ఏజెన్సీ పిల్లాడు గానీ ఏ గుమ్మంలో వారం అడగగలడు? వాళ్లకి చదువు అందనిది తెలివి లేక కాదు, ఈ ఊళ్లో తినడానికి ఇల్లు లేక. ఆడపిల్లలకి వారం అన్న మాటే లేదు. నేను కాలేజీలో చేరతానంటే నాన్నగారే రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తరవాత ఒప్పుకున్నారు, ఆయనే వచ్చి చేర్పించారు. కానీ ఆ రెండు రోజులూ జరిగినవే.

అదే మహారాజావారి బడిలో చదివి 1879లో మెట్రిక్ పాసైన గిడుగు రామమూర్తిగారు ఈ కులం గీత ఆనాడే దాటారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో మేష్టారై, సవరలని ఇంట్లో పెట్టుకుని వాళ్ల భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో వాళ్ల పిల్లలకి బడులు పెట్టారు. సర్కారు పారితోషికం ఇవ్వబోతే అది తనకి వద్దని, ఆ డబ్బుతో సవరల బడి నడపమన్నారు. మా వీధికి ఆయన పేరంటే చేతులెత్తి మొక్కే గౌరవం ఉండేది. ఆయన చేసిన పని మాత్రం మా ఏ ఇంట్లోనూ జరగలేదు.

వారాల అన్నంలో అవమానమూ ఉండేది. కొన్ని ఇళ్లలో పిల్లాడిచేత నీళ్లు తోడించేవారు, బజారు పనులు చేయించేవారు, పిల్లలకి పాఠాలు చెప్పించుకునేవారు. ఇంటివాళ్లంతా తిన్నాక మిగిలినదే పెట్టేవాళ్లూ ఉన్నారు. మా బుధవారం ఒకసారి చెప్పాడు, వేరే ఒక ఇంట్లో వడ్డించేటప్పుడు గరిటె చప్పుడు బట్టి ఆ ఇల్లాలి కోపం ఎంతో తెలిసిపోయేదట. పద్దెనిమిదేళ్ల పిల్లాడు అన్నం ముందు కూచుని గరిటె చప్పుడు వినవలసి రావడం కన్నా ఉపకారవేతనం సంతకం పెట్టి తీసుకోవడం వెయ్యిరెట్లు నయం. సాంఘిక సంక్షేమ హాస్టళ్లు వచ్చాయి. స్కాలర్‌షిప్పులు వచ్చాయి. 1958లో పి.వి.జి. రాజుగారు మాన్సాస్ ట్రస్టు పెట్టి సంస్థానం విద్యాలయాలని దాని కింద నిలిపారు. రాజులున్న కోటలోనే ఆడపిల్లల కాలేజీ నడిచింది. పొద్దున్నే ఆ కోట గుమ్మంలోంచి లోపలికి వెళ్లే ఆడపిల్లల జడలు చూసినప్పుడు, ఏది పోతే పోయింది, ఇది వచ్చింది కదా అని నా మనసు నిండిపోయేది.

అయినా వారాలు ఒక్కరోజున ఆగిపోలేదు. హాస్టల్లో సీటు దొరికినవాడు కాగితంలోంచి తప్పుకునేవాడు, నాన్నగారు సంతోషంగా పేరు చెరిపేవారు. కుడిపక్క ఇళ్లూ తగ్గాయి. ఉమ్మడి కుటుంబాలు విడిపోయాయి, పెరళ్లలో గదులు కట్టి అద్దెలకిచ్చారు, గ్యాసు పొయ్యి వచ్చాక వంట కొలతకి వచ్చింది. చివరి కాగితాల్లో ఎరుపు గీతలే ఎక్కువ, పెన్సిలు అక్షరాలు తక్కువ. ఒక జూన్లో ఎవరూ రాలేదు. నాన్నగారు పుస్తకాలకి అట్టలు మాత్రం వేసి ఉంచారు.

నా బాధ ఒక్కచోట ఉంది. వారం పోయింది, దానితోపాటు వారం నేర్పే బాకీ కూడా పోయింది. ఏడిళ్ల అన్నం తిన్నవాడికి తాను ఎవరివల్ల చదివాడో ముఖాలతో సహా తెలిసేది. బి.ఏ. పట్టా చేతికొచ్చిన నాడు ఏడు గుమ్మాలకి వెళ్లి దండం పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు పిల్లాడు ఫీజు కడతాడు, రశీదు తీసుకుంటాడు, లెక్క చెల్లిపోతుంది. పూర్వవిద్యార్థులు ఈనాడూ ఇస్తున్నారు, కాదనను. వాట్సాప్‌లో కలుసుకుని, చందాలు వేసుకుని, కాలేజీలకి బెంచీలూ కంప్యూటర్లూ కొనిస్తున్నారు. ఒక బెంచీ మీద పదేళ్లు పిల్లలు కూచుంటారు, అది చిన్న సాయం కాదు. కానీ ఆ బెంచీ మీద కూచున్న పిల్లాడి పేరు ఇచ్చినవాడికి తెలియదు, వాడు పొద్దున్న ఏమి తిన్నాడో తెలియదు. నాన్నగారికి తెలిసేది. ఇది పాతదంతా మంచిదన్న మాట కాదు. కులం గీత చెరిపేసి, గరిటె చప్పుడు లేకుండా, పేరూ ఆకలీ తెలిసి ఇచ్చే సాయం ఒకటి ఈ ఊళ్లో పుట్టగలిగేది, అది పుట్టకముందే పాతది పోయింది.

*

మంగళవారం ఉద్యోగం విరమించి చాలా కాలమైంది. ఇప్పటికీ సాయంత్రాలు అతని ఇంటి ముందు పిల్లల చెప్పులుంటాయి. ఏ కులమో, ఏ ఊరో అడగడు, వరండాలో కూచోబెడతాడు. కరెంటు తంబూరా పెట్టె ఒకటి శిష్యులు కొనిచ్చారు, అది వాడతాడు, కానీ చేరిన మొదటి నెల ప్రతి పిల్లాడూ అసలు తంబూరాకే శ్రుతి కట్టడం నేర్చుకోవాలి. ఆ తంబూరాలు బొబ్బిలి వైపు నుంచి పనసకర్రవి తెప్పించాడు, కొనుక్కోలేని పిల్లలు ఇంటికి పట్టుకెళ్లొచ్చు. పట్టుకెళ్లినవాళ్ల పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసుకుంటాడు.

కిందటేడు పాతవిద్యార్థులు కొందరు కలిసి అతనికి సన్మానం చేస్తామని, పేరు మీద చలవరాతి పలక వేయిస్తామని వచ్చారట. నాతో చెప్పాడు. "నాకు పలకెందుకండీ? నెల్లిమర్ల నుంచి ఒక అమ్మాయి వస్తోంది, గొంతు బావుంది, ఆఖరి బస్సు అందక రెండుసార్లు మానేసింది. మీలో ఎవరింటికైనా రాత్రి పడుకోవడానికి పంపొచ్చా అని అడిగాను" అన్నాడు.

"ఏమన్నారు?" అన్నాను.

"ఇద్దరు సరేనన్నారు. ఒకావిడ బుధవారం, ఇంకొకావిడ శనివారం."